లాభాంశాల సొమ్ము, అనాథల సొమ్ము

రెండేళ్ల కిందట మా మస్జిదులో ఆదివారం మహిళల దర్స్ ముగిశాక పరదా వెనుక నుంచి ఒక చీటీ వచ్చింది. అందులో ఇలా ఉంది:

‘భాయీ సాహెబ్ గారూ, అస్సలాము అలైకుమ్. మా వారు చనిపోయి ఎనిమిది నెలలయింది. కంపెనీ నుంచి గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు సొమ్ము వచ్చాయి. మా పెద్దమామగారు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసి నెలనెలా వడ్డీ తెచ్చుకోమంటున్నారు. మా మరిది లక్షకు నెలకు మూడు వేలు హలాల్ లాభం ఇచ్చే స్కీములో పెట్టమంటున్నాడు. అమెరికాలో ఉన్న మా అన్నయ్య డివిడెండ్ గ్రోత్ ఫండులో పెట్టి ఇరవై ఏళ్లు మరిచిపొమ్మంటున్నాడు. ముగ్గురూ మా మేలు కోరేవారే. నాకు ఇద్దరు పిల్లలు. ఎవరి మాట వినాలి?’

నేను ముఫ్తీని కాను. ముప్పయ్యేళ్లు ఇతరుల లెక్కల పుస్తకాలు రాసి రిటైరయినవాణ్ణి. కనుక ధర్మశాస్త్రానికి సంబంధించిన విషయాలను మా ఊరి మదరసాలోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకున్నాను. లెక్కలు మాత్రం నేను వేశాను. ఇలాంటి చీటీ రేపు ఏ ఇంటి నుంచయినా రావచ్చు. అందుకే ఆ సోదరి అనుమతితో, గుర్తు తెలిపే వివరాలు తీసేసి, ఈ పాఠం రాస్తున్నాను.

ఆ సొమ్ము ఎవరిది?

ముఫ్తీ సాహెబ్ చీటీ చదివి ఫండు సంగతి అడగనే లేదు. ‘వాటాలు పంచారా?’ అన్నారు. పంచలేదు. సొమ్మంతా నామినీగా ఆమె ఖాతాలో పడింది కాబట్టి అంతా ఆమెదేనని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు. మన ఇళ్లలో నూటికి తొంభై చోట్ల జరిగేది ఇదే. షరీఅత్ దృష్టిలో నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషి మాత్రమే. అన్ నిసా సూరాలోని వారసత్వపు ఆయతులు నిర్ణయించిన వాటాలను నామినేషను చెరిపివేయలేదు.

మొదట అంత్యక్రియల ఖర్చు, ఆ తర్వాత అప్పులు. చెల్లించని మహర్ కూడా అప్పే! ఆమెకు రావలసిన మహర్ అలాగే ఉండిపోయింది. దాన్ని, మరో రెండు చేబదుళ్లను తీసేస్తే 14,40,000 రూపాయలు మిగిలాయి. వసీయతు ఏదీ లేదు. వారసులు భార్య, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి ముందే చనిపోయారు. సంతానం ఉంది కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1,80,000. తల్లికి ఆరో వంతు, 2,40,000. మిగిలిన 10,20,000లో కొడుకుకు 6,80,000, కూతురుకు 3,40,000. కొడుకు ఉన్నందున మృతుని తమ్ముడికి వాటా లేదు. స్కీము గురించి చెబుతున్న మరిది ఆయనే.

కొడుక్కి ఆరేళ్లు, కూతురికి పన్నెండేళ్లు. అంటే ఈ సొమ్ములో అధికభాగం యతీముల సొమ్ము. అన్యాయంగా దాన్ని తినేవారి గురించి అన్ నిసా పదవ ఆయతు ఎంత కఠినంగా హెచ్చరించిందో మనందరికీ తెలుసు. తినకపోయినా, అజాగ్రత్తగా పోగొట్టినా సంరక్షకుడు జవాబు చెప్పుకోవాలి. అలాగని గల్లాపెట్టెలో పెట్టి తాళం వేయడమూ పరిష్కారం కాదు. యతీముల సొమ్ముతో వ్యాపారం చేయండి, లేకుంటే జకాతే దాన్ని తినేస్తుందని హజ్రత్ ఉమర్ (రజి) హితవు పలికినట్లు ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో ఉంది. సొమ్మును పెంచడమూ సంరక్షణలో భాగమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. ఫండు సంస్థలు మైనర్ ఖాతాకు తల్లి సంతకం తీసుకుంటాయి. అయితే మన దేశంలో అమలులో ఉన్న ముస్లిం పర్సనల్ లా ప్రకారం మైనర్ ఆస్తికి తండ్రి, తండ్రి నియమించిన వ్యక్తి, తాత, తాత నియమించిన వ్యక్తి మాత్రమే సంరక్షకులు. తల్లికి ఆ హక్కు కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఉత్తర్వు పొందాలి. పెద్ద మొత్తమయితే వకీలును కలవడం మంచిది. ఆమె కలిశారు.

ముగ్గురు చెప్పిన మూడు దారులు

పెద్దమామగారి సలహా గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడన్న సంగతి అల్ బఖరా 275వ ఆయతు తేటతెల్లం చేస్తోంది. ‘వితంతువు కదా, వేరే దారి ఏముంది?’ అని ఆయన అన్నారట. దారి లేనప్పుడు మాట్లాడవలసిన మాట అది. దారి ఉందో లేదో వెతకకముందే అనే మాట కాదు.

మరిది సలహా మాత్రం నన్ను భయపెట్టింది. లక్షకు నెలకు మూడు వేలంటే ఏడాదికి 36 శాతం! ఏ నిజాయితీపరుడైన వ్యాపారి ఏటేటా తప్పకుండా అంత లాభం ఇవ్వగలడు? పైగా అసలుకు హామీ ఇచ్చి, లాభాన్ని ముందే అంకెల్లో రాసి ఇస్తే అది ముజారబా కాదు. దానికి ఏ పేరు పెట్టినా అది వడ్డీయే. ముజారబాలో లాభాన్ని వంతుల్లో నిర్ణయించుకోవాలి, రూపాయల్లో కాదు. పెట్టుబడిలో నష్టం వస్తే పెట్టుబడిదారుడు భరించాలి. మహాప్రవక్త (స) నబీ కాకముందు హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో సిరియా వైపు వ్యాపారయాత్ర చేసినప్పుడు ఆమెకు ఎవరూ నెలసరి హామీ పత్రం రాసివ్వలేదు.

2018లో హైదరాబాద్‌లో, 2019లో బెంగళూరులో హలాల్ పేరుతో సొమ్ము పోగేసిన సంస్థలు కూలినప్పుడు ఎంతమంది సోదరీమణులు మహర్ నగలు అమ్మి కట్టిన సొమ్ము పోగొట్టుకున్నారో మనం చూశాం. గడ్డం, టోపీ, బోర్డు మీద బిస్మిల్లా చూసి సొమ్ము ఇచ్చారు. రిజిస్ట్రేషను ఎవరి దగ్గర ఉందని అడగలేదు. క్రమబద్ధం కాని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో పార్లమెంటు చట్టం చేసింది. ఎవరు సొమ్ము అడిగినా సెబీ దగ్గరో, రిజర్వు బ్యాంకు దగ్గరో నమోదయ్యారా అని అడగడం విశ్వాస లోపమేమీ కాదు. అప్పు లావాదేవీని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించే ఆయతు ఖుర్‌ఆన్‌లోకెల్లా అతి పొడవైన ఆయతు అన్నది మరచిపోకూడదు.

నేనూ పాఠం చెప్పేటంత తెలివైనవాణ్ణేమీ కాదు. ఉద్యోగంలో ఉండగా తోటి గుమాస్తా చెవిలో చెప్పిన మాట పట్టుకుని ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో కూడా తెలియదు. ఏడాది తిరిగేసరికి పెట్టినదాంట్లో పావు వంతు మిగిలింది. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ పండగ పండగకీ గుర్తు చేస్తుంది. తెలియనిదాన్ని కొనడంలోని అజ్ఞానం, అనిశ్చితి ఎలాంటివో (ఉలమా దీన్ని గరర్ అంటారు) నాకు ఆ రోజు తెలిసివచ్చింది.

అన్నయ్య చెప్పిన ఫండు

ఇక మూడో దారి. ఇది కాస్త వివరంగా చూడదగినది. కంపెనీలో షేరు కొన్నవాడు అందులో చిన్న భాగస్వామి. కంపెనీ లాభంలో కొంత వ్యాపారంలోనే ఉంచుకుని, కొంత భాగస్వాములకు పంచుతుంది. ఆ పంచేదే డివిడెండు, మన మాటలో లాభాంశం. ఇది ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. లాభం లేని ఏడు ఇవ్వరు. వడ్డీకీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. వడ్డీ తీసుకునేవాడు అప్పిచ్చినవాడు, అతనికి నష్టంతో సంబంధం లేదు. లాభాంశం తీసుకునేవాడు నష్టాన్ని భరించడానికి ముందే ఒప్పుకున్నవాడు.

డివిడెండ్ గ్రోత్ ఫండు అంటే, లాభాంశాన్ని ఏటేటా పెంచుతూ వచ్చిన కంపెనీలను ఏరి కొనే మ్యూచువల్ ఫండు. అమెరికాలో ఇది బాగా ప్రాచుర్యంలో ఉంది. కనీసం 25 ఏళ్లు ఆగకుండా లాభాంశం పెంచిన పెద్ద కంపెనీలతో ఎస్ అండ్ పీ సంస్థ ‘డివిడెండ్ అరిస్టోక్రాట్స్’ అనే సూచీనే నడుపుతోంది. కోకా కోలా, ప్రాక్టర్ అండ్ గాంబుల్, జాన్సన్ అండ్ జాన్సన్ వంటివి 60 ఏళ్లకు పైగా పెంచుతూ వచ్చాయి. 2006లో మొదలైన వాన్‌గార్డ్ డివిడెండ్ అప్రీసియేషన్ ఫండుకు పదేళ్ల వరుస పెంపు గీటురాయి.

ఎక్కువ లాభాంశం ఇచ్చే కంపెనీ వేరు, లాభాంశాన్ని పెంచే కంపెనీ వేరు. ఒక షేరు 100 రూపాయలు, ఈ ఏడు లాభాంశం 2 రూపాయలు అనుకుందాం. వినడానికి చాలా తక్కువ. అది ఏటా 8 శాతం పెరిగితే 9 ఏళ్లకు 4 రూపాయలు, 18 ఏళ్లకు 8 రూపాయలు అవుతుంది. షేరు విలువ కూడా సాధారణంగా లాభంతోపాటు పెరుగుతుంది. అదే 100 రూపాయలు 7 శాతం వడ్డీకి వేస్తే 18వ ఏట కూడా అదే 7 రూపాయలు. ఏటా 6 శాతం ధరలు పెరిగితే అప్పటి 7 రూపాయలకు నేటి రెండున్నర రూపాయల సరుకు కూడా రాదు. వడ్డీ లాభసాటి కాదు కనుక హరామ్ అని నేననడం లేదు. లాభసాటి అయినా అది హరామే. ‘వడ్డీయే భద్రం’ అనే వారికోసం ఈ లెక్క చూపించాను.

ఈ 8 శాతం ఎవరూ రాసి ఇచ్చినది కాదు. జనరల్ ఎలక్ట్రిక్ వంటి మహా సంస్థ 1938 తర్వాత మొదటిసారిగా 2009లో లాభాంశం తగ్గించింది. అదే ఏడు ఫైజరు కూడా తగ్గించింది. 2008లో మన సెన్సెక్సు సగానికి పైగా పడిపోయింది. 2020లో కరోనా వచ్చినప్పుడు నిఫ్టీ జనవరి నుంచి మార్చి 23 నాటికి దాదాపు 38 శాతం పడింది. ఆ రోజుల్లో భయపడి అమ్ముకున్నవారికి నష్టం నిజమైపోయింది. అందుకే ఇది పదిహేను, ఇరవై ఏళ్ల వ్యవహారం తప్ప రేపటి ఫీజు కట్టే సొమ్ముతో చేసేది కాదు.

అయితే హలాలేనా?

అన్నయ్య చెప్పిన మామూలు ఫండును అలాగే తీసుకుంటే కాదు. అరిస్టోక్రాట్స్ జాబితాలో ఏళ్ల తరబడి కనిపించిన వాటిలో విస్కీ తయారు చేసే బ్రౌన్-ఫోర్మన్ ఉంది. అఫ్లాక్ వంటి బీమా సంస్థలున్నాయి. మన దేశంలో డివిడెండ్ యీల్డ్ ఫండ్ల పరిస్థితి కూడా అంతే. సిగరెట్ల ఐటీసీ, బ్యాంకులు వాటిలో తరచుగా కనిపిస్తాయి. లాభాంశం ఏటేటా పెరుగుతోందన్నది ఆర్థిక లక్షణమే తప్ప ధర్మలక్షణం కాదు. సారాయి కంపెనీ లాభాలు కూడా పెరుగుతాయి కదా!

పూర్తిగా హలాల్ సరుకు చేసే కంపెనీ కూడా మిగులు సొమ్మును బ్యాంకులో వేసి వడ్డీ తీసుకుంటుంది, లేదా వడ్డీకి అప్పు తెస్తుంది. నేటి లోకంలో ఈ మరక లేని కంపెనీ దొరకడం చాలా కష్టం. ఇక్కడే ధర్మవేత్తల మధ్య భేదం ఉంది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992 నాటి తన ఏడవ సమావేశంలో, మూల వ్యాపారం ధర్మసమ్మతమే అయినా అప్పుడప్పుడు వడ్డీ వంటి వాటిలో దిగే కంపెనీల్లో వాటా తీసుకోకూడదన్నదే అసలు నియమమని తీర్మానించింది. ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ వంటివారు షరతులతో అనుమతించారు. మూల వ్యాపారం హలాల్ కావాలి. వడ్డీ వ్యవహారం పట్ల వాటాదారుడు తన అసమ్మతి తెలపాలి, వీలయితే వార్షిక సమావేశంలోనే. లాభాంశంలో వడ్డీ మేరకు ఉన్న భాగాన్ని దానం చేసేయాలి. కంపెనీ ఆస్తి అంతా నగదు రూపంలోనే ఉండకూడదు.

ఈ షరతులనే అంకెల్లోకి మార్చి గీటురాళ్లు తయారు చేశారు. బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం మించరాదని, నిషిద్ధ ఆదాయం 5 శాతం మించరాదని అంటుంది. మన దేశంలో తాసిస్ అనే సంస్థ మరింత కఠినంగా ఉంది. దాని ప్రకారం అప్పు మొత్తం ఆస్తిలో 25 శాతం, వడ్డీ ఆదాయం మొత్తం ఆదాయంలో 3 శాతం దాటకూడదు. దానితో కలిసి బాంబే స్టాక్ ఎక్స్ఛేంజి 2010లో షరియా 50 సూచీని తెచ్చింది. ఈ శాతాలు ఆయతులు కావు, ఇజ్తిహాద్. కనుక వీటిని అనుసరించేవారిని నిందించరాదు. అనుమానాస్పదమైనదానికి దూరంగా ఉంటానని మానుకునేవారిని వెక్కిరించనూ రాదు. ముఫ్తీ సాహెబ్ ఈ సోదరి విషయంలో షరతులతో కూడిన అనుమతి వైపే మొగ్గారు. నాకూ అదే సబబనిపించింది. ఎందుకంటే ఆమె ముందున్న మిగతా రెండు దారులు ఇంతకంటే చాలా చెడ్డవి.

అమెరికాలో ఈ రెండింటినీ కలిపిన ఫండు ఒకటి చాలా కాలంగా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో సాటర్నా క్యాపిటల్ సంస్థ నడుపుతున్న, 1986లో మొదలైన అమానా ఇన్‌కమ్ ఫండు లాభాంశాలు ఇచ్చే కంపెనీలనే షరీఅత్ నియమాలతో ఏరి కొంటుంది. అన్నయ్యకు ఈ సంగతి తెలియదు! ఆయన తన సొమ్మును దేనిలో పెట్టారో చూసుకోవలసింది ఆయనే. చెల్లెలి చీటీ వల్ల ఆయనకూ ఒక మేలు జరిగింది.

మన దేశంలో షరీఅత్ నియమాలతో నడిచే ఫండ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. 1996లో మామూలు ఫండుగా మొదలై 2011లో ఈ నియమాలకు మారిన టాటా ఎథికల్ ఫండు, 2009లో వచ్చిన టారస్ ఎథికల్ ఫండు, అదే ఏడు మొదలై చేతులు మారి ఇప్పుడు నిప్పాన్ పేరుతో ఉన్న నిఫ్టీ 50 షరియా బీస్. ఎస్‌బీఐ కూడా 2014 డిసెంబరు 1న షరియా ఈక్విటీ ఫండు మొదలు పెడతానని ప్రకటించి చివరి ఘడియలో వాయిదా వేసింది. ఆ తర్వాత అది రానే లేదు. వీటిలో బ్యాంకులుండవు. అందుకే సాఫ్ట్‌వేరు, మందులు, నిత్యావసర సరుకుల కంపెనీల బరువు ఎక్కువ. టీసీఎస్, ఇన్ఫోసిస్, హిందుస్తాన్ యూనిలీవర్ వంటివి ఇలాంటి సూచీల్లో ఏళ్లుగా కనిపించాయి. లాభాంశం క్రమంగా ఇచ్చిన చరిత్ర కూడా వీటికుంది. కాకపోతే బ్యాంకు షేర్లు పరుగెత్తిన ఏడు ఈ ఫండ్లు వెనుకబడతాయి. ఆ వెలితిని ముందే ఒప్పుకోవాలి.

డివిడెండు అనే మాటలో ఉన్న మోసం

ఫండు కాగితం మీద ‘డివిడెండు’ ఎంపిక కనబడగానే ఆ సోదరి సంతోషించారు. నెలనెలా వస్తుంది కదా అని. ఇక్కడ చాలామంది పొరపడతారు. కంపెనీ ఇచ్చే లాభాంశం వేరు, ఫండు ఇచ్చేది వేరు. యూనిటు విలువ 50 రూపాయలు ఉన్నప్పుడు ఫండు 3 రూపాయలు పంచితే మరునాడు యూనిటు 47 అవుతుంది. మీ కుడి జేబులోది తీసి ఎడమ జేబులో వేసినట్లే. జనం పొరపడుతున్నారనే సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఆ పేరునే మార్పించింది. ఇప్పుడు దానిని ‘ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్’ అనాలి. అంటే ఆదాయంతోపాటు మీ అసలును కూడా వెనక్కి ఇస్తున్నామని ఒప్పుకోలు. దాని మీద పన్ను కూడా 2020 నుంచి తీసుకునేవారే వారి ఆదాయంలో కలిపి కట్టాలి.

దీర్ఘకాలానికి గ్రోత్ ఎంపిక మేలు. కంపెనీలు ఇచ్చే లాభాంశాలు ఫండులోనే చేరి మళ్లీ షేర్లవుతాయి. ఏడాది దాటాక అమ్మితే 2024 జులై 23 నుంచి, ఒక ఆర్థిక సంవత్సరంలో 1,25,000 రూపాయలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను.

2013 నుంచి దాదాపు ప్రతి ఫండుకూ డైరెక్టు ప్లాను ఉంది. ఏజెంటు కమీషను లేనిది అదే. ఖర్చులో తేడా ఒక శాతమే అనుకుంటాం. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకు 6,73,000 దాకా, 11 శాతమయితే 8,06,000 దాకా అవుతుంది. ఆ ఒక్క శాతం విలువ అక్షరాలా లక్షా ముప్పయి మూడు వేలు! ఏజెంటు కష్టానికి కూలీ ఇవ్వడం తప్పు కాదు. కాకపోతే ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

శుద్ధి, జకాత్

ఇంత ఏరినా లాభాంశంలో కాస్త వడ్డీ మరక మిగులుతుంది. దాన్ని లెక్కగట్టి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలి. గ్రోత్ ఎంపికలో లాభాంశం చేతికి రాదు కదా, ఎలా లెక్క కట్టడం అని ఆమె అడిగారు. మంచి ప్రశ్న. ఫండు సంస్థ ఆ అంకె ఇస్తే అదే తీసుకోండి. ఇవ్వకపోతే జాగ్రత్త కోసం గరిష్ఠ పరిమితినే పట్టుకోవచ్చు. ఫండులో 4,80,000 ఉంది, అందులోని కంపెనీలు ఏడాదికి ఒకటిన్నర శాతం లాభాంశం ఇచ్చాయి అనుకుంటే అది 7,200 రూపాయలు. మూడు శాతం మరక అనుకుంటే 216 రూపాయలు. లాభాంశంలోంచి మాత్రమే తీస్తే చాలని కొందరు, అమ్మినప్పుడు వచ్చే లాభంలోంచి కూడా తీయాలని మరికొందరు ఉలమా అంటారు. ఏడాదికి రెండొందల చిల్లర! ఇంత చిన్న మొత్తం కోసం ఇంత లెక్కా అంటే, లెక్క వేసే అలవాటే మన ధర్మం నేర్పింది అంటాను.

జకాత్ సంగతి. వారం, నెల చూసి కొని అమ్మేవారి షేర్లు సరుకుతో సమానం. మొత్తం మార్కెట్ విలువ మీద రెండున్నర శాతం. దీర్ఘకాలం ఉంచుకునేవారు కంపెనీ ఆస్తుల్లో జకాత్ వర్తించే నగదు, సరుకు, బాకీల మేరకు ఇస్తే చాలని సమకాలీన ధర్మవేత్తలు పలువురు అంటారు. అంత వివరం దొరకనప్పుడు విలువలో 25 శాతాన్ని అలా లెక్కించే పద్ధతీ ఉంది. 4,80,000 మీద అయితే 1,20,000కు రెండున్నర శాతం, 3,000 రూపాయలు. ఇంగ్లీషు సంవత్సరం ప్రకారం లెక్కించేవారు రెండున్నరకు బదులు 2.577 శాతం తీయాలి. చాంద్రమానపు ఏడు పదకొండు రోజులు చిన్నది మరి. హనఫీ మస్లక్‌లో మైనర్ల సొమ్ముపై జకాత్ లేదు. మిగతా మూడు మస్లక్‌లలో ఉంది. ఆ కుటుంబం హనఫీ.

ఆమె ఏం చేశారు

అత్తగారి 2,40,000 అత్తగారి చేతికి ఇచ్చారు. ఆ పెద్దావిడ మొదట వద్దన్నారు. నీ పిల్లలకే అన్నారు. ఇష్టమయితే తర్వాత హదియాగా ఇవ్వండి, ముందు మీ హక్కు మీరు తీసుకోండి అని ముఫ్తీ సాహెబ్ చెప్పి పంపాక తీసుకున్నారు. ఉమ్రాకు వెళ్లొచ్చారు.

సోదరి తన వాటా, మహర్ సొమ్ము ఇంటి ఖర్చుకు, కుట్టు మిషన్లకు ఉంచుకున్నారు. కూతురి 3,40,000 ఆరేడేళ్లలో చదువుకు కావాలి. కనుక అందులో లక్ష మాత్రమే ఫండులో, మిగతాది కొంత బంగారంగా, కొంత కరెంటు ఖాతాలో. కొడుకు సొమ్ములో 2,00,000 స్కూలు ఖర్చులకు పక్కన పెట్టి, 4,80,000ను నెలకు 20,000 చొప్పున 24 నెలలు ఫండులో వేశారు. ఒక్కసారే వేస్తే ఎక్కువ లాభం వచ్చేదేమో. యతీముల సొమ్ము విషయంలో ‘ఏమో’ మీద నడవడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రతి వాటాకూ వేరు వేరు పుస్తకం పెట్టించాను. కూతురే లెక్కలు రాస్తోంది. చక్కటి అక్షరాలు.

మరిదితో పోట్లాట కాలేదు. ‘మీ స్కీము వారి సెబీ రిజిస్ట్రేషను నంబరు తెచ్చివ్వండి బాబూ’ అని ఆమె అడిగారట. ఆయన ఇంతవరకూ తేలేదు.

ఈ మధ్య ఫోను వచ్చింది. ‘భాయీ సాహెబ్, మార్కెట్టు పడిందంటున్నారు. బాబు ఖాతాలో నలభై వేలు తక్కువ చూపిస్తోంది. తీసేయమంటారా?’

‘పాప ఫీజు ఎప్పుడు కట్టాలమ్మా?’

‘జూన్‌లో.’

‘ఆ సొమ్ము ఎక్కడుంది?’

‘కరెంటు ఖాతాలో ఉందిగా.’

‘బాబుకు ఈ ఫండు సొమ్ము ఎప్పుడు కావాలి?’

అవతల కాసేపు మాట లేదు. కుట్టు మిషను చప్పుడు మాత్రం వినిపించింది. ‘సరే భాయీ సాహెబ్, కాగితాలు బీరువాలో పెట్టేస్తాను. ఆ 216 రూపాయలు మాత్రం ఈ ఏడుది ఇవ్వలేదు, ఇవాళే ఇచ్చేస్తాను’ అన్నారు.